మీటరు మీద దస్తీ

పోయిన వారం మంగళవారం పొద్దున నేను మూడో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతుంటే ములుగు బస్సు డ్రైవరు వచ్చి బడి గుమ్మం ముందు నిలబడ్డాడు. ఎప్పుడు వచ్చినా రోడ్డు మీది నుంచే హారన్ కొట్టి పలకరించే మనిషి, ఆ రోజు చెప్పులు విడిచి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. అప్పుడే నాకు సగం తెలిసిపోయింది.

"దవాఖాన కెల్లి వస్తాన పంతులూ," అన్నాడు. "మిస్త్రీ పోయిండు."

ఆ మిస్త్రీ మా బావ, మా అక్క భర్త. నేను చేతిలో సుద్దముక్క పట్టుకునే మట్టెవాడ దాకా నడిచాను. అక్క ఇంటి ముందు నిలబడ్డాక గాని నా వేళ్ళు తెల్లగా ఉన్న సంగతి చూసుకోలేదు.

మోటార్లున్నవాళ్ళకు ఆయన్ను పరిచయం చేయక్కర్లేదు. లేనివాళ్ళకు పేరు చెప్పినా లాభం లేదు, ఎందుకంటే ఆయన్ను పేరు పెట్టి పిలిచినవాళ్ళెవరూ లేరు. ములుగు రోడ్డు మీద రేకుల షెడ్డు మిస్త్రీ అంటే చాలు. రిపేరు చేసేవాళ్ళు వరంగల్లులో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. కానీ పాత మోటారు కొనేముందు దాని మంచిచెడ్డలు చూడడానికి మాత్రం ఆయన్నే తీసుకుపోయేవారు. యుద్ధం వచ్చాక కొత్త బండ్లు రావడం ఆగిపోయింది. లష్కరు మిలిటరీ దండులో తెల్ల ఆఫీసర్లు బదిలీల మీద పోతూ అమ్ముకున్నవే చేతులు మారి మారి మన వైపు వచ్చేవి. పైన కొత్త రంగు, లోపల ఎవరికీ తెలియని వయసు. ఆ వయసు చెప్పడమే మా బావ విద్య.

ఆయన పుట్టింది మగ్గాల ఇంట్లో. ఇరవై ఏళ్ళొచ్చే దాకా గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నవాడే. తర్వాత ఏ బుద్ధి పుట్టిందో లష్కరు పోయి మిలిటరీ మోటార్ల కార్ఖానాలో చేరాడు. ఏడేళ్ళ తర్వాత తిరిగి వచ్చినప్పుడు ఆయన వెంట ఒక పనిముట్ల పెట్టె, నాలుగు ఇంగ్లీషు తిట్లు వచ్చాయి. మగ్గం మాత్రం ఆయన్ను వదల్లేదు. ఏళ్ళ తరబడి మగ్గం తొక్కీ తొక్కీ కుడికాలు బొటనవేలు పక్కకు వాలిపోయింది. చెప్పులు పట్టవు. ఎక్కడికైనా వట్టి కాళ్ళతోనే.

నేనివాళ ఉర్దూ చదివి, బడిపంతులునై, నెలకింత తింటున్నానంటే ఆ కాళ్ళ పుణ్యమే. పరీక్షకు పట్నం పోవాల్సిన రోజు బస్సు చెడిపోతే, ఆయన దాని కిందికి దూరి, నాలుగు గంటలు వెల్లకిలా పడుకుని బాగుచేశాడు. డ్రైవరు పక్కన నన్ను కూర్చోబెట్టి, "మా బామ్మర్ది పాసైతె ఈ బస్సు కూడ పాసైనట్టే," అన్నాడు. నేను పాసయ్యాను. బస్సు సంగతి చెప్పలేను.

సెలవు రోజుల్లో నేను షెడ్డుకు పోయి ఆయన బండ్లను చూసే తీరు చూసేవాణ్ణి. ఎవరైనా పాత బండి తెస్తే ముందుగా మెడలోని దస్తీ తీసేవాడు. ఎర్రంచు తెల్ల దస్తీ, అక్క నూలు చుడితే ఆయన అన్న నేసింది. దాన్ని తీసుకుపోయి బండి లోపల మైళ్ళు చూపించే మీటరు మీద కప్పేవాడు. పరీక్ష అయ్యేదాకా అది అక్కడే ఉండాలి. చూసింది చూసినట్టు నోటితో చెప్పాక గాని దస్తీ తీసేవాడు కాదు.

"ముంగట మీటరు జూస్తె ఇగ కన్ను దాని మాటే ఇంటది బామ్మర్దీ," అనేవాడు. "మీటరును మనిషి ఎటు తిప్పితె అటు తిరుగుతది. పెడలు అట్ల గాదు. దాని మీద ఎవల కాలు ఎన్నేండ్లు పడ్డదో అదే చెప్తది."

పెడలు మీద కొత్త రబ్బరుంటే సంతోషించేవాడు కాదు, అనుమానించేవాడు. కొద్ది మైళ్ళే నడిచిన బండికి రబ్బరు మార్చే అవసరం ఎందుకు వచ్చిందని రబ్బరు లేపి కింది ఇనుము తడిమేవాడు. తలుపు సగం తెరిచి పైకెత్తి చూసేవాడు. ఎన్నిసార్లు తెరిచారో, ఎన్నిసార్లు కొట్టి మూశారో బందులు చెబుతాయట. ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టి ఊపేవాడు. టక్కుమంటే తల ఊపేవాడు. ఇంజను నూనె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి ఎండలో పట్టేవాడు. అందులో తళుకులుంటే లోపల ఇనుము అరుగుతున్నట్టు. ఇంజను ముందు హ్యాండిలు పెట్టి మెల్లగా తిప్పుతూ, ఏ సిలిండరు ఎదురు తిరుగుతోందో, ఏది నీరసంగా లొంగిపోతోందో చేత్తోనే తెలుసుకునేవాడు. చివరకు మగ్గం కర్రముక్క ఒకటి ఇంజనుకు ఆనించి రెండో కొస చెవిలో పెట్టుకునేవాడు. అప్పుడు పక్కన ఎవరైనా దగ్గినా కోపమొచ్చేది.

పరుగు బండ్ల విషయంలో మరీ గట్టిగా ఉండేవాడు. "మామూలు బండి అరిగితె చెప్తది. పరుగు బండి చెప్పదు. ఉరుకుడు దాని రోషం. సచ్చే దినం దాక ఉరుకుతది," అనేవాడు. నేను ఆయన దగ్గర నేర్చుకున్నది బడిలో బాగా పనికొచ్చింది. పలక మీది లెక్క చూసేముందు పిల్లవాడి వేళ్ళు చూస్తాను. వాడే చేశాడో, పక్కవాడిది దించాడో వేళ్ళు చెప్పేస్తాయి.

ఆయనకు ఇంకో నియమం ఉండేది. అదే ఆయన్ను కాపాడింది, అదే ముంచింది. "బొట్టు వెట్టకముందే నన్ను పిలువున్రి," అని అందరికీ చెప్పేవాడు. మనదగ్గర కొన్న బండికి కుంకుమ బొట్టు పెట్టి కొబ్బరికాయ కొట్టాక అది ఇంటి మనిషి కిందే లెక్క. ఇక దాని మొహం మీద వంక చెప్పకూడదు. పెళ్ళయ్యాక పిల్లకు వంకలు పెట్టినట్టుంటుంది, ఇంటికి అరిష్టమంటారు. బావ దీన్ని మూఢనమ్మకమని ఎప్పుడూ అనలేదు. బొట్టు పడ్డ బండి కనిపిస్తే తల వంచుకుని షెడ్డులోకి పోయేవాడు.

యుద్ధం నడుస్తుండగా ఒక శుక్రవారం, బడికి సెలవు, నాలుగు కోసుల దూరంలోని ఒక దొర గడి నుంచి బావకు పిలుపు వచ్చింది. పట్నం దళారి ఒకడు పరుగు బండి తెచ్చాడట, చూసి చెప్పాలట. కాగితాలు ఉర్దూలో ఉన్నాయి కాబట్టి నన్నూ రమ్మన్నారు. దొరకు ఉర్దూ రాక కాదు. కళ్ళజోడు పెట్టుకుని చదువుకోవడం ఆయన హోదాకు తక్కువ. పోనని అనడానికి లేదు. బావ అన్నల ఇళ్ళూ మగ్గాలూ ఆ దొర ఊళ్ళోనే ఉన్నాయి.

గడి లోపలికి అడుగుపెట్టేసరికి బండి వాకిట్లో నిలబడి ఉంది. విలాయతి బండి, రెండే సీట్లు, పైన కప్పు లేదు, ముక్కు ఇంత పొడుగు. ఎర్రగా మెరిసిపోతోంది. దొర పదేళ్ళ పిల్లాడిలా దాని చుట్టూ తిరుగుతున్నాడు. అరుగు మీద దొర తల్లి, పెద్ద దొరసాని, హారతి పళ్ళెం పట్టుకుని నిలబడింది. బండి ముందు పగిలిన కొబ్బరి చిప్పలు. దాని పొడుగు ముక్కు మీద రూపాయంత కుంకుమ బొట్టు.

బావ అడుగు ఆగిపోయింది. నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ కలలో వస్తుంది.

"చూడురా మిస్త్రీ," అన్నాడు దొర. "మంచి ముహూర్తముందని అమ్మ బొట్టు వెట్టింది. నువ్వు కూడ ఒక మాటంటె అయిపోతది."

వెనక్కి పోవడానికి లేదు. బావ దస్తీ తీసి మీటరు మీద కప్పాడు. కప్పేముందు నేను చూశాను, ఆరువేల రెండువందల చిల్లర మైళ్ళు. ఆయన మామూలుగా చేసేవన్నీ చేశాడు. పెడలు కొత్త రబ్బరు లేపాడు. తలుపు ఎత్తాడు. బందు వెనకాల, ఎర్ర రంగు అందని చోట, పాత ఆకుపచ్చ రంగు బయటపడింది. చక్రం ఊపితే టక్కుమంది. హ్యాండిలు తిప్పుతుంటే ఆయన మొహం మెల్లమెల్లగా చిన్నబోయింది. ఇంజను స్టార్టు చేసి, కాలు వదిలి మళ్ళీ నొక్కితే వెనక నీలిపొగ లేచింది. దళారి ఆ పొగకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు నా చేతిలో బండి పుస్తకం ఉంది. పేజీల మధ్య ఒక కార్ఖానా చీటీ. దళారి చూసుకోలేదో, పల్లెటూరి దొరకేం తెలుస్తుందనుకున్నాడో! అందులో మంచి ఉర్దూలో ఉంది. నలభైఒక్క వేల మైళ్ళ దగ్గర ఈ బండి సిలిండర్లు రెండోసారి తొలిచి బాగుచేయడమైనది. చీటీ కింద తారీకు ఉంది, అది మూడేళ్ళ కిందటిది.

నేను దాన్ని గట్టిగా చదివి ఉంటే కథ అక్కడితో ముగిసేది. బొట్టు పెట్టిన బండికి మిస్త్రీ వంక చెప్పకూడదు గాని కాగితం చెప్పవచ్చు. కాగితం చెప్పిన మాటకు ఎవరూ ఎవరినీ కోప్పడరు. దొర దళారి మెడ పట్టుకునేవాడు, మేం ఎద్దుబండెక్కి ఇంటికొచ్చేవాళ్ళం. నేను చీటీ మడిచి అదే పేజీలో పెట్టేశాను. దొర మొహంలోని సంబరాన్ని చూసి భయపడ్డాను. అంతకు మించి కారణం లేదు. పంతులు నోరు పిల్లల ముందే లేస్తుంది.

"పంతులూ, కాగితాలెట్లున్నయి?"

"సరిగ్గనే ఉన్నయి దొరా," అన్నాను.

దొర బావ వైపు తిరిగాడు. బావ అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు. అబద్ధం చెప్పడం ఆయనకు చేతకాదు, నిజం చెప్పడానికి బొట్టు అడ్డం. పెద్ద దొరసాని పళ్ళెంలో కర్పూరం ఇంకా వెలుగుతోంది. దాని వైపు చూస్తూ రెంటికీ మధ్య ఒక మాట వెతుక్కున్నాడు.

"మంచి జాతి బండి దొరా. చూసుకునేటోడుంటె నడుస్తది."

దొర ఫక్కున నవ్వాడు. "నువ్వున్నవు గదరా! ఇయ్యాల్టి సంది ఈడ్నె ఉండు."

అంతే. ఎవరూ ఆయన్ను కట్టేయలేదు, కొట్టలేదు. గుర్రాలు పోయి ఖాళీగా ఉన్న శాలలో బండిని పెట్టారు. దాని పక్కనే ఆయనకు ఒక గడ్డి పరుపు వేశారు. గడిలో అందరూ చేసేది వెట్టే, ఆ మాట మాత్రం ఎవరూ నోటితో అనరు. ఆ సాయంత్రం ఎద్దుబండిలో నేనొక్కణ్ణే తిరిగి వచ్చాను. ఒక్కణ్ణే దిగడం చూసి అక్క చేతిలోని నూలు కండె నేల మీద పెట్టింది. "ఆయనేడి?" అంది. రెండు రోజుల్లో వస్తాడని చెప్పాను. ఐదేళ్ళు పట్టింది.

ఆ ఐదేళ్ళలో సెలవు దొరికిన శుక్రవారమల్లా నేను పోయి చూసి వచ్చేవాణ్ణి. శాలకు ఒకటే కిటికీ, గుర్రం తల పట్టేంత. ఎప్పుడు పోయినా బావ బండి కిందనో, బండి ముందు కూలబడో కనిపించేవాడు. సామాను దొరకని రోజులు. వాషర్లు చెప్పులు కుట్టేవాడి చేత తోలుతో కోయించేవాడు, ఇత్తడి బుష్షులు బిందెలు చేసే కంచరి చేత పోయించేవాడు. పెడలు రబ్బరు అరిగిపోతే పాత బస్సు టైరు ముక్క చెక్కి వేశాడు. మొదటి రెండు నెలలు దొరే నడిపాడు. తర్వాత గేర్లతో కుస్తీ పట్టలేక విసుగొచ్చి పక్క సీట్లో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత బండిని నడిపింది బావే. మీటరు మీద దస్తీ అలాగే ఉండేది. బండి బయటికి పోయినా, లోపలికి వచ్చినా అది తీయలేదు. దొర ఒకసారి అడిగితే, "దుమ్ము వడుతది దొరా," అన్నాడట.

నాతో మాత్రం నిజం చెప్పాడు. "ఇంక చెప్పవలసింది చెప్పలే గద బామ్మర్దీ. పరీక్ష ఒడువలే, అయిపోలే. ఒడువకుండ ఎట్ల తీస్త?"

బండికి పోవడానికి చోటు లేదు. పెట్రోలు రేషను. గడి నుంచి పెద్ద రోడ్డు దాకా ఎడ్లబండి బాట, నాలుగు మైళ్ళు. ఆ నాలుగు మైళ్ళు పోవడం, రోడ్డు మీద కాస్త ఉరికించడం, మళ్ళీ శాలలోకి రావడం. "ఉరకనీకి పుట్టింది ఇది," అనేవాడు దాని తలుపు తుడుస్తూ. "దీనికీ నాకూ ఒకటే కొట్టం." తుడిచేటప్పుడు ముక్కు మీది బొట్టు చుట్టూ తుడిచేవాడు, బొట్టు జోలికి పోయేవాడు కాదు. పెద్ద దొరసాని ప్రతి పండక్కీ దాని మీద కొత్త కుంకుమ అద్దేది.

ఒక బతుకమ్మ పండక్కి రెండు రోజులు ఇంటికి పంపారు. అక్క అన్నం పెడుతూ, మా అందరి మనసులో ఉన్న మాట అనేసింది.

"ఆ బండిని సావనియ్యరాదు? ఒక్క నట్టు వదులు జేస్తె పాయె. బండి సస్తె నిన్ను ఇంటికి తోలుతరు."

బావ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు. "బండి ఏం జేసింది? మైళ్ళు తిప్పింది ఎవడో. బొట్టు వెట్టింది ఎవలో. నోరు దెరువనిది నేను. అది పాపం నడుమంటె నడుస్తాంది."

అక్క అన్నం చిప్ప కిందపెట్టి లోపలికి పోయింది. లోపల ఏడుస్తున్నట్టు తెలుస్తూనే ఉంది. చేతులు కడుక్కునే నెపంతో పెరట్లోకి పోతే బావ నా వెనకే వచ్చాడు.

"చీటీ సంగతి మీ అక్కకు చెప్పకు," అన్నాడు మెల్లగా.

ఆయనకు అక్షరం ముక్క రాదు.

"నువ్వు సదువంగ నీ కండ్లు ఒక్కతాన ఆగినయి. తలుపు బందు చూసెటోనికి బామ్మర్ది కండ్లు తెల్వయా? దొరను జూసి నువ్వు బుగులువడ్డవు, నేను బుగులువడ్డ. ఇద్దరం ఒక్క బండికే చిక్కినం. ఫికర్ జెయ్యకు."

చెంబుతో నా చేతుల మీద నీళ్ళు పోశాడు. కోప్పడి ఉంటే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను. మనం చేసిన తప్పును ఎదుటివాడు పంచుకుంటే అది ఇంకా బరువవుతుంది.

నిరుటికి ముందు ఏడాది కాలం మారసాగింది. ఊళ్ళల్లో వెట్టి చెయ్యవద్దనే సంఘం పేరు వినబడడం మొదలైంది. దొరలు ఒక్కొక్కరే సామాను సర్దుకుని పట్నం బాట పడుతున్నారు. మా దొర కూడా బండిని అమ్మేయాలనుకున్నాడు. కొనడానికి కేసముద్రం నుంచి పత్తి సేటు ఒకాయన వచ్చాడు. కాగితాలు చదవడానికి మళ్ళీ నన్నే పిలిచారు. నేను పోయేసరికి బావ శాల గుమ్మంలో బీడీ కాల్చకుండా చేతిలో నలుపుతూ కూర్చున్నాడు. దొర ముందురోజే చెప్పాడట: మీటరు మళ్ళీ ఆరువేలకు తిప్పు, నాలుగు మంచి మాటలు చెప్పు. బండి పోయిన నాడే నువ్వూ ఇంటికి పో.

"తిప్పినవా?" అని అడిగాను.

"తిప్పనీకి ఏమున్నది," అని మాత్రం అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఐదేళ్ళ చెర ఒక్క అబద్ధంతో తీరిపోతుంది. ఆయన అబద్ధం చెప్పాలని, దేవుడి సాక్షిగా, నేను మనసులో మొక్కుకున్నాను. అక్క మొహం కళ్ళ ముందు ఆడుతోంది. సేటు బండి చుట్టూ తిరిగి, పుస్తకం తీసి నా చేతికిచ్చాడు. "చదువు పంతులూ," అన్నాడు. చీటీ అదే పేజీలో తగిలింది. చదివితే బావ ఇల్లు చేరడు, చదవకపోతే నేను రెండోసారి అదే పాపం చేసినవాణ్ణి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

బావ వచ్చి నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నాడు. "కాయిదమెందుకు సేటూ? బండే చెప్తది," అన్నాడు. దాన్ని తలుపు సంచిలో పెట్టేశాడు. నన్ను తప్పించాడన్నమాట. తర్వాత సేటును బండి ముందుకు తీసుకుపోయాడు.

"ఇది ఇంక మీ బండి గాలే, మీరు బొట్టు వెట్టలే. గందుకే చెప్తాన. ఇది ముసలి బండి. సిలిండర్లు అరిగినయి. చక్రాలు ఊగుతయి. మీటరు మాట ఇనకున్రి. నేనుంటెనే నడుస్తాంది, నేను లేకుంటె నెల నడువది. మీ ఇంటికి ఇది వస్తె ఎవడో ఒక మిస్త్రీ దీని కాడ పండవలె."

సేటు వచ్చిన బండిలోనే కేసముద్రం వెళ్ళిపోయాడు. దొర గొంతు పెంచలేదు. "అయితె దాని కాడ నువ్వే పండుర," అని లోపలికి పోయాడు. శాలకు ఆ రోజు నుంచి బయట గొళ్ళెం పడింది.

ఆ వానాకాలమంతా చూరు కారే శాలలో ఆయన ఉన్నాడు. దగ్గు అక్కడే పట్టుకుంది. నన్ను లోపలికి రానివ్వలేదు. కిటికీ బయట నిలబడి మాట్లాడేవాణ్ణి. "సేటు దీన్ని కొనక బతికిండు," అని నవ్వేవాడు దగ్గుల మధ్య. చివరకు ఒక రోజు దొర కుటుంబం రైలెక్కి పట్నం పోయింది. ముసలి కావలివాడు గొళ్ళెం తీసి, "ఇగ పో మిస్త్రీ, ఎవలు లేరు," అన్నాడట. బావ పనిముట్ల పెట్టె మోయలేక అక్కడే వదిలేసి, నాలుగు మైళ్ళ బాట రెండుసార్లు కూర్చుని లేచి, రోడ్డు చేరాడు.

ఇంట్లో ఆరు నెలలున్నాడు. షెడ్డు తెరిచాడు గాని ఎక్కువసేపు నిలబడలేకపోయేవాడు. ఎవరైనా పాత బండి తెస్తే మీటరు మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. కొత్త దస్తీ తెస్తానని అక్క అంటే వద్దన్నాడు. "అది ఆడ ఉన్నది గద. పరీక్ష ఒడిసినంక తెచ్చుకుంట." జ్వరం మాటలనుకుంది అక్క. దవాఖానలో చేరిన పన్నెండో రోజున పోయాడు. ఆ ముందురోజు నేను మంచం పక్కన కూర్చుంటే, పక్క మంచం రోగి దగ్గును చెవి ఒగ్గి విని, "ఈయన బండి మంచిగనే ఉన్నది. పైపు ఒక్కటే చెడ్డది," అన్నాడు. నర్సు కూడా నవ్వింది.

పదో దినానికి ముందురోజు అక్క నన్ను పిలిచి, "ఆ దస్తీ తెచ్చియ్యరా తమ్మీ. నా చేతి నూలు అది," అంది. నిన్న పోయాను.

గడి వాకిట్లో గడ్డి మొలిచింది. ముసలి కావలివాడు శాల తలుపు తెరిచి పక్కకు తప్పుకున్నాడు. బండి దుమ్ములో మునిగి ఉంది. గాలి దిగిన టైర్లతో నేలకు కరుచుకుపోయి ఉంది. దాని ముక్కు మీద ఎండి నల్లబడ్డ బొట్టు. నేను కండువా కొస తడిపి ఆ బొట్టును తుడిచేశాను. కావలివాడు అయ్యో అన్నాడు గాని ఆపలేదు.

తలుపు సంచిలోంచి పుస్తకం తీశాను. చీటీ అదే పేజీలో ఉంది. బడిలో చదివినంత గట్టిగా చదివాను. నలభైఒక్క వేల మైళ్ళ దగ్గర ఈ బండి సిలిండర్లు రెండోసారి తొలిచి బాగుచేయడమైనది. చూరులోని పావురాలు లేచాయి. కావలివాడికి ఉర్దూ రాదు. వినవలసిన మనిషి లేడు. అయినా చివరి అక్షరం దాకా చదివి, కింద ఉన్న తారీకు కూడా చదివాను.

అప్పుడు దస్తీ తీశాను. ఆరువేల రెండువందల చిల్లర. మొదటి రోజు నేను చూసిన అంకెలే, ఒక్కటీ కదల్లేదు. వంగి చూస్తే మీటరుకు వచ్చే తీగ ఊడదీసి, చక్కగా చుట్టి కట్టి ఉంది. తిప్పనీకి ఏమున్నదని ఆయన ఎందుకన్నాడో తెలిసింది. అబద్ధం మీద ఒక్క మైలు కూడా కలపనివ్వలేదు. ఆయన ఐదేళ్ళు ఆ మీటరులో లేవు.

ఎక్కడున్నాయో ఆయనే నేర్పాడు గనుక మోకాళ్ళ మీద కూర్చుని, పెడలు మీది దుమ్ము చేత్తో తుడిచాను. ఆయన చెక్కి వేసిన బస్సు టైరు ముక్క. బూటు కాలు తొక్కితే సమంగా అరగాలి. అది ఒక్క మూల మాత్రమే నున్నగా, లోతుగా, పక్కకు వాలిన బొటనవేలంత మేర అరిగిపోయి ఉంది.